పాలు పొంగిన నమూనా ఇల్లు

మా పురపాలక సంఘం కార్మికుల ఇళ్ల కోసం వేసిన ప్రణాళిక పూర్తిగా విజయవంతమైంది. ఇది నా మాట కాదు, పై అధికారులు సంతకం పెట్టిన మాట. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి పిల్లలు "సార్, మీ సర్వీసులో సక్సెసైన పని ఒక్కటి చెప్పండి" అని అడిగినప్పుడల్లా నేను దీన్నే చెబుతాను. విన్నాక కొందరు నవ్వుతారు, కొందరు నవ్వరు. నవ్వనివాళ్లు చాలా వరకు కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లే.

నేను టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఓవర్‌సీర్‌గా పనిచేశాను. చివరి పోస్టింగ్ పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య, హైవే పక్కనున్న ఒక మున్సిపాలిటీలో. ఊరి పేరు చెప్పను. ఆ ఊళ్లో నాకు ఇంకా పెన్షన్ కాగితాల పని మిగిలి ఉంది. పర్మిషన్ లేకుండా కట్టిన గోడలకు నోటీసులు అంటించడం నా డ్యూటీ. చేతులకు ఎప్పుడూ మైదా జిగురు అంటుకొని ఉండేది. ఊరందరి గోడలకూ నోటీసులు అంటించాను గానీ, నాకు ఒకటి అంటించుకుందామంటే సొంత గోడ లేకుండానే రిటైరయ్యాను. సంగారెడ్డిలో ఇప్పటికీ కిరాయి ఇల్లే. మాది జోగిపేట దిక్కు పల్లె, తాతల నాటి నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. నా మతం సంగతి ఇక్కడ ఎందుకంటారా? ఈ ప్రణాళికలో దానికి కూడా ఒకరోజు ఆఫీసు డ్యూటీ పడింది.

ఒకనాడు మా కమిషనర్ సారు కొల్లూరు వెళ్లి, సర్కారు కట్టిన పెద్ద కాలనీని చూసి వచ్చారు. వచ్చినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. "మన దగ్గర ఇన్ని ఫ్యాక్టరీలున్నయి, ఇంతమంది లేబరున్నరు, మనకొక్క కాలనీ లేదు" అని మీటింగు పెట్టారు. మంచి మాటే. మున్సిపాలిటీలో పనులన్నీ మంచి మాటతోనే మొదలవుతాయి.

హైదరాబాదు నుంచి కన్సల్టెంట్లు వచ్చారు. లాప్‌టాప్‌లు, టోపీలు, మెడలో బిళ్లలు. ముందు సర్వే చేయాలన్నారు. మా పట్టణంలో కార్మికులు ఉండేది లైన్ రూముల్లో. ఒక పొడుగాటి షెడ్డు, దానికి వరసగా తలుపులు, ఒక్కో తలుపు వెనక ఒక్కో కాపురం. బీహారు, ఒడిశా పిల్లలైతే ఒక్క గదిలో షిఫ్టుల లెక్కన పడుకుంటారు. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు వచ్చి అదే చాప మీద వాలతాడు. ఈ గదుల దగ్గరికి సర్వే వాళ్లు మిట్టమధ్యాహ్నం వెళ్లారు. సగం గదులకు తాళాలు. మనుషులు ఫ్యాక్టరీల్లో ఉన్నారు. మిగతా సగం తలుపులు కొడితే ఎవరూ తీయలేదు, నైటు షిఫ్టు వాళ్లు చచ్చినట్టు నిద్రపోతున్నారు. సర్వే వాళ్లు అన్నింటికీ కలిపి 'ఖాళీ' అని రాసుకొని, దారిలో ధాబాలో భోంచేసి వెళ్లిపోయారు.

తర్వాత గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. మా పట్టణంలో ఇళ్ల కొరత లేదట. ఉన్న గదుల్లోనే చాలా వరకు ఖాళీగా పడున్నాయట. మా ఇంజినీరుకు నోరు ఊరుకోదు. "సార్, గా రూములల్ల మనుషులే షిఫ్టు మీద పండుకుంటరు. ఖాళీ ఏడున్నది?" అన్నాడు. కమిషనర్ సారు ఇంజినీరునూ కన్సల్టెంట్లనూ చూసి, "కొరత లేదంటే ప్రాజెక్టు ఎట్లొస్తది?" అని అడిగారు. ఆ ప్రశ్నతో అందరికీ జ్ఞానోదయమైంది. సర్వేను అట్లాగే ఉంచి, చివర రాసిన మాట మాత్రం మార్చారు. కొరత తీవ్రంగా ఉందని తేలింది.

కన్సల్టెంట్లు పోతూ పోతూ ఒక థర్మకోల్ కాలనీని ఇచ్చి వెళ్లారు. బల్లంత వెడల్పు. బుల్లి బుల్లి ఇళ్లు, వాటికి ఎర్ర కప్పులు, మధ్యలో పార్కు, పార్కులో స్పాంజి చెట్లు, ఒక బుల్లి బెంచీ మీద ఒక బుల్లి ముసలాయన. ఎంత ముద్దుగా ఉండేదంటే, ట్యాక్సు కట్టడానికి వచ్చినవాళ్లు ట్యాక్సు సంగతి మరిచి దాన్ని చూస్తూ నిలబడేవాళ్లు. మా ఆఫీసులో ఎలుకలు మాత్రమే దాన్ని థర్మకోల్‌గా గుర్తించాయి. ఒక వీధి చివర కొరికేశాయి.

ఇక భూమి వెతకాలి. నేను, ఇంజినీరు జీపేసుకొని తిరిగాం. ఒకచోట వానొస్తే మునిగే చెరువు శిఖం, ఒకచోట కోర్టు కేసు, ఒకచోట నెత్తి మీద హైటెన్షన్ వైర్లు. ఒకచోట అంతా బాగుంది. సంబరపడి దిగితే, గాలికి ఫ్యాక్టరీ వాసన కొట్టి ఇంజినీరుకు దగ్గు ఆగలేదు. "ఈడ ఇండ్లు గడ్తే దవాఖాన గూడ గట్టాలె" అన్నాడు. చివరికి కమిషనర్ సారే దారి చెప్పారు. "భూమి తర్వాత చూద్దం. ముందు ఒక నమూనా ఇల్లు కడ్దం. చూసినోళ్లకు నమ్మకమొస్తది." ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కాలనీ లేకుండానే కాలనీలోని ఒక ఇల్లు లేచింది. మా చెత్త బండ్లు నిలిపే గ్రౌండులో, ఒక మూలన. రెండు గదులు, వంటగట్టు, బాత్రూము. గోడలకు గులాబీ రంగు. నల్లాలు బిగించారు గానీ వాటి వెనక పైపు లేదు. స్విచ్చులు పెట్టారు గానీ వాటి వెనక వైరు లేదు. నమూనాకు నీళ్లెందుకని.

ఇప్పుడు ఆమె సంగతి చెప్పాలి. మా మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద వీధులు ఊడ్చే మనిషి. ఆమె భర్త ఒక ఫ్యాక్టరీలో హెల్పరు, ఎప్పుడూ నైటు షిఫ్టే. ఇద్దరు ఆడపిల్లలు. ఉండేది లైన్ రూములో. ఆ రూముల ఓనరు వాటిని పడగొట్టి రోడ్డు మొహాన దుకాణాల షట్టర్లు కడదామని, పర్మిషన్ లేకుండా పునాది తీశాడు. నేనే వెళ్లి నోటీసు అంటించాను. ఆమె చీపురు పక్కన పెట్టి నిలబడి చూసింది.

"ఇగ కూలగొట్టరా సార్?" అని అడిగింది.

"పర్మిషన్ తెచ్చుకునే దాంక కూలగొట్టరమ్మా" అన్నాను.

నాలుగు రోజులు ఆ లైనంతా నన్ను దేవుణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత ఓనరు పర్మిషన్ తెచ్చుకున్నాడు. అది కూడా మా ఆఫీసు నుంచే. నెలాఖరుకు అందరూ ఖాళీ చేయాలన్నాడు. ఆమె ఆ తర్వాత నాకు ఎదురుపడితే నమస్తే పెట్టేది గానీ ఏమీ అడిగేది కాదు. అడిగి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

నమూనా ఇంటి ప్రారంభానికి పెద్దాయన వస్తారన్నారు. పెద్దాయన అంటే మా దిక్కు పెద్ద నాయకుడు. ఆషాఢం వస్తే శుభకార్యాలుండవు కాబట్టి, జ్యేష్ఠం పోకముందే చేయాలని తొందర. ఇంజినీరు అయ్యగారిని పిలిపించి ముహూర్తం పెట్టించాడు. బ్యానర్లు కట్టారు. థర్మకోల్ కాలనీని మోసుకెళ్లి ఇంటి ముందు బల్ల మీద పెట్టారు, ఎలుకలు కొరికిన వీధిని గోడ వైపు తిప్పి. అంతా అయ్యాక కమిషనర్ సారుకు అనుమానం వచ్చింది.

"రిబ్బను పెద్దాయన కట్ చేస్తరు. మరి పాలెవరు పొంగిస్తరు?"

నిజమే. కొత్త ఇల్లన్నాక పాలు పొంగకపోతే ఫోటో ఏం బాగుంటుంది? లబ్ధిదారులను ఇంకా ఎంపిక చేయలేదు. భూమే లేనప్పుడు లబ్ధిదారు ఎక్కడి నుంచి వస్తాడు? అప్పుడే ఆమె ఆ గ్రౌండులో నీళ్లు చల్లుతూ కనిపించింది. ఇంజినీరు పిలిచాడు. "అమ్మా, జెర పాలు పొంగియ్యాలె. ఫోటోల మంచిగ రావాలె."

ఆమె చీపురు కింద పెట్టలేదు. "ఎవరింట్ల సార్?"

"నీ ఇంట్లనే అనుకో."

మా ఇంజినీరు మాటల మనిషి, మాట ఎక్కడ పడుతుందో చూసుకోడు. అనుకో అని ఆయనన్నాడు, ఆమె అనుకుంది. ఇంటికి వెళ్లి తలస్నానం చేసి, పెళ్లినాటి చీర కట్టుకొని, కొత్త గిన్నె, గ్యాసు స్టవ్వు, మామిడాకులు, ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి కుంకుమ తీసుకొని వచ్చింది. వెంట నైటు డ్యూటీ దిగిన భర్త, పక్క రూముల ఆడవాళ్లు. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది.

పెద్దాయన రాలేదు. ఇంకో ఊళ్లో ఇంకో రిబ్బను దగ్గర ఆలస్యమైందన్నారు. అయ్యగారు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. "ముహూర్తం దాటుతున్నది. నేను ముహూర్తానికి వచ్చిన గని నాయకునికి రాలే" అని లేచి పూజ మొదలుపెట్టేశారు. ఆయనకు ఫోటో పూజ వేరు, అసలు పూజ వేరు అని తెలియదు. గోత్రం అడిగారు, భార్యాభర్తలను పీటల మీద కూర్చోబెట్టారు, ఏ ఒక్కటీ వదలకుండా చేయించారు. ఆమె తూర్పు మొహంగా నిలబడి స్టవ్వు వెలిగించింది. పాలు పొంగి గిన్నె అంచు దాటి స్టవ్వు మీద పడగానే ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్కనున్న నాతో, "ఎన్ని రూములు మారిన్నో సార్, ఏడ గూడ పాలు పొంగియ్యలే. కిరాయి రూముకు పాలేందని ఓనరమ్మలు నవ్వేటోళ్లు" అంది.

పెద్దాయన వచ్చేసరికి పాలు పరమాన్నం అయిపోయాయి. ఫోటో కోసం ఇంకోసారి పొంగించమని కమిషనర్ సారు అడిగితే, అయ్యగారు చెవులు మూసుకున్నారు. "ఒకసారి గృహప్రవేశమైన ఇంట్ల మళ్ల గృహప్రవేశమేంది సార్, పిల్లకు రెండుసార్లు బారసాల జేస్తరా?" అన్నారు. చేసేది లేక పెద్దాయన పరమాన్నం తింటూ ఫోటో దిగారు. థర్మకోల్ కాలనీని చూసి, "మస్తున్నది, జల్దీ పూర్తి చేయుండ్రి" అని చెప్పి కారెక్కారు. మా వాళ్లు ఎండకు కందకుండా థర్మకోల్ కాలనీని తీసుకెళ్లి ఇంటి వెనక గదిలో పెట్టారు. సాయంత్రం ఇంజినీరు తాళంకప్పతో వచ్చాడు. ఆమె దీపం ముందు కూర్చొని ఉంది. పిల్లలు చాప పరిచి పుస్తకాలు తీశారు.

"అయిపోయింది గదమ్మా, ఇగ పోండ్రి."

"దీపం పెట్టిన ఇంటికి తాళమేస్తరా సార్? మూడు నిద్రలు జెయ్యాలె గద."

ఇంజినీరు కాదనలేకపోయాడు. సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు ఆయన కూడా మూడు నిద్రలు చేసినవాడే. "మూడు రోజులే గదా, ఏమైతది" అని తాళంకప్ప జేబులో వేసుకొని వచ్చేశాడు. ఆ తాళంకప్ప ఆయన టేబులు సొరుగులో చాలాకాలం ఉంది.

మూడు నిద్రలు అయ్యేసరికి మంగళవారం వచ్చింది. మంగళవారం ఇల్లు విడిచి ఎవరు వెళ్తారు? ఆ వెంటనే అమావాస్య. అమావాస్య దాటితే ఆషాఢం. "ఆషాఢంల ఇల్లు మారొద్దంటరు, మీకు తెల్వదా సార్" అని ఆమె అడిగింది. ఎంత వినయంగా అడిగిందంటే, కోపగించుకోవడానికి కూడా వీల్లేదు. పైగా మా కమిషనర్ సారే ఈ పోస్టింగుకు ఆషాఢంలో వచ్చి, క్వార్టరులో దిగకుండా నెలంతా లాడ్జిలో ఉన్న మనిషి. ఆయన ఏ మొహంతో కాదంటారు? ఈ లోపల లైన్ రూములు కూలిపోయాయి. పక్క రూముల వాళ్లు ముత్తంగి దిక్కు కొందరు, ఇస్నాపూర్ దిక్కు కొందరు వెళ్లిపోయారు. ఆమెకు తిరిగి వెళ్దామన్నా గది లేదు.

శ్రావణం రాగానే కమిషనర్ సారు ఊపిరి పీల్చుకున్నారు. "ఇగ ఖాళీ చేపియ్యుండ్రి" అన్నారు. "ఆమెను చూసి రేపు ఇంకొకరు దూరుతరు. ఒక్క నమూనా ఇల్లు కాపాడుకోలేనోళ్లు కాలనీ ఏం కడ్తరని అడుగుతరు నన్ను" అని ఆయన బాధ. అదీ అబద్ధం కాదు. కానీ పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? ఇంజినీరు తలకాయ అడ్డంగా ఊపాడు. "శ్రావణ మాసంల ముత్తైదును ఇంట్లకెళ్లి ఎట్ల ఎల్లగొడ్త సార్? అమ్మవారి కుంకుమ పెట్టిన గడప అది. నాకు ఆడపిల్లలున్నరు." శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆ రోజే సెలవు పెట్టాడు. నీళ్లు బంద్ చేయండని కమిషనర్ సారు అరిస్తే, "ఎప్పుడిచ్చినం సార్?" అని ఇంజినీరు నిజాయితీగా అడిగాడు. ఆమె నీళ్లు చెత్త బండ్లు కడిగే ట్యాంకు దగ్గర పట్టుకుంటోంది.

అప్పుడు కమిషనర్ సారు చూపు నా మీద పడింది. గొంతు తగ్గించి ఎంతో మర్యాదగా, "మీరు చర్చికి పోతరు కదా. మీకు ఈ పట్టింపులు ఉండవు" అన్నారు.

ముప్పై ఏళ్ల సర్వీసులో నా విశ్వాసానికి గుర్తింపు రావడం అదే మొదలు. పట్టింపుల సంగతి అంటారా, మా ఇళ్లలోనూ పాస్టరుగారు ప్రార్థన చేశాక పాలు పొంగిస్తాం. చెప్పబోయాను. "పొండి, పొండి" అన్నారు. నోటీసు, జిగురు డబ్బా పట్టుకొని బయల్దేరాను. దారి పొడుగునా నా మీద నాకే అసహ్యం వేసింది. చిన్న ఉద్యోగమైనా ఉద్యోగమే కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆమె అప్పుడే డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుంటోంది. లోపల భర్త నిద్రపోతున్నాడు. నా చేతిలో డబ్బా చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"కూసోండ్రి సార్, చాయ్ పెడ్త" అంది. చాయ్ ఇచ్చి, "నోటీసు ఏడ అంటిస్తరు?" అని అడిగింది.

"గోడకమ్మా."

"గోడకొద్దు సార్, రంగు పోతది. తలుపుకు అంటియ్యుండ్రి, తర్వాత తడిపి తీస్తే ఎల్లిపోతది."

వెళ్లగొట్టడానికి వచ్చినవాడితో గోడ రంగు గురించి జాగ్రత్త చెప్పే మనిషిని ఏం చేయాలో ఎవరూ నాకు నేర్పలేదు. ఆమె కొంగు సర్దుకొని, "మీరు ప్రార్థన జేస్తరట గద సార్. మా లైనుల పాస్టరయ్య వచ్చేటోడు, ఎవరికి పానం బాగలేకున్నా చేసేటోడు. ఇంటికి జెర ప్రార్థన జేసి పోండ్రి. అయ్యగారు జేసిండు, మీరు గూడ జేస్తే నాకు ధైర్యముంటది" అంది.

కాదని ఎట్లా అంటాను? జిగురు డబ్బా గడప బయట పెట్టి, చెప్పులు విడిచి, కళ్లు మూసుకున్నాను. ఈ ఇంటిని దీవించు తండ్రీ, ఈ కప్పు కింద ఉన్నవాళ్లను చల్లగా చూడు, వీళ్ల మీదికి వచ్చే కీడును తప్పించు అన్నాను. అంటున్నప్పుడే తెలిసింది, వాళ్ల మీదికి వచ్చిన కీడు ప్రస్తుతానికి నేనే. కళ్లు తెరిచేసరికి ఆమె, పిల్లలు చేతులు జోడించి ఉన్నారు. నిద్రపోతున్నాడనుకున్న భర్త కూడా లేచి కూర్చున్నాడు. దేవుణ్ణి ఇంట్లోకి పిలిచి, అదే పూటలో ఇంటివాళ్లను బయటికి పంపమని ఏ సర్వీసు రూల్సులోనూ లేదు. డబ్బా తీసుకొని ఆఫీసుకు వచ్చేశాను.

"ఏమైంది?" అన్నారు కమిషనర్ సారు.

"ప్రార్థన అయింది సార్."

ఆయన బిల్ కలెక్టరును పిలిపించారు. అతన్ని మేమంతా భాయ్ అంటాం. నమాజు తప్పని మనిషి. పని చెప్పగానే అతను రెండు చెవులూ పట్టుకున్నాడు. "మాఫ్ చేయుండ్రి సాబ్. పాలు పొంగినరోజు నేను గూడ పోయిన. ఆ ఇంట్ల ఖీర్ తిన్న. నమక్ తిన్న ఇంటికి దగా చెయ్యొద్దు సాబ్."

"ఖీర్ల నమక్ ఉండదయ్యా" అన్నారు కమిషనర్ సారు.

"తిన్నంక లోపటికి పోయి నమకే అయితది సాబ్" అన్నాడు భాయ్.

ఆ రోజుతో మా ఆఫీసులో మతాలన్నీ అయిపోయాయి. కమిషనర్ సారు ఫైలు మూసి, తల పట్టుకున్నారు.

దసరా అయ్యాక రాజధాని నుంచి కబురు వచ్చింది. ఇళ్ల ప్రణాళిక ఎంతవరకు వచ్చిందో చూడటానికి తనిఖీ బృందం వస్తోంది. భూమి లేదు, ఇళ్లు లేవు, ఉన్నదల్లా మీటింగుల ఫోటోలు. అప్పుడు ఇంజినీరు మెల్లగా అన్నాడు. "సార్, ఒక ఇంట్లనైతే మనుషులున్నరు."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. నిన్నటి వరకు వెళ్లగొట్టాలన్న కమిషనర్ సారే స్వయంగా ఆ ఇంటి గడప దగ్గర నిలబడ్డారు, చెప్పులు విడిచి. "అమ్మా, రేపు డ్యూటీకి రాకు. హాజరు మేమేస్తం. పిల్లలను గూడ ఇంట్లనే ఉంచు."

ఆమె ఆయన్ను, వెనకనున్న మమ్మల్ని చూసింది. "నల్లాల నీళ్లు రావు, కరెంటు బుగ్గ వెలగదు. వచ్చినోళ్లు తిప్పి చూస్తే మీ ఇజ్జతే పోతది గద సార్" అంది.

ఒక్క పూటలో పైపు పడింది, వైరు పడింది. ఇన్నాళ్లు కాని పని ఒక్క పూటలో ఎట్లా అయిందని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. "ఇన్ని రోజులు ఎవ్వరు అడగలే గదన్నా" అన్నాడు ఇంజినీరు. నల్లా తిప్పగానే ముందు గాలి వచ్చి, ఎర్ర నీళ్లు వచ్చి, తర్వాత మంచి నీళ్లు వచ్చాయి. ఆమె ఆ నీళ్ల కింద చేయి పెట్టి చాలాసేపు తీయలేదు.

తనిఖీకి వచ్చిన మేడం మంచి మనిషి. స్విచ్చు వేసి చూశారు, నల్లా తిప్పి చూశారు, వెనక గదిలో థర్మకోల్ కాలనీని చూసి ఫోటో తీసుకున్నారు. "ఇల్లు నచ్చిందా అమ్మా?" అని అడిగారు.

"నచ్చింది మేడం. మా లైనోళ్లకు ఎప్పుడిస్తరు?"

కమిషనర్ సారు దగ్గారు. మేడం నవ్వి, "అందరికీ వస్తాయి" అని చెప్పి ఏదో రాసుకున్నారు. తర్వాత వచ్చిన నివేదికలో ఉన్న మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. నిర్మాణం పూర్తయిన ఇళ్లన్నింటిలోనూ లబ్ధిదారులు నివాసముంటున్నారు. లబ్ధిదారులు సంతృప్తి వ్యక్తం చేశారు. చదివి చూడండి, ఒక్క అక్షరం అబద్ధం లేదు. కట్టింది ఒక్కటే, నిండింది ఒక్కటే. ఆ నివేదిక పుణ్యాన ఆమెకు ఆ ఇంటి పట్టా వచ్చింది. తన సంతకాన్ని తానే నమ్మలేక మూడుసార్లు చూసుకుంది. నా సర్వీసులో నేను మనసారా సంతోషపడిన రోజు అదే. ఆ సాయంత్రం భాయ్, ఇంజినీరు, నేను అక్కడే చాయ్ తాగాం.

ఆ నివేదిక పుణ్యానే, మా పట్టణంలో అవసరం తీరిందని పైవాళ్లు ప్రాజెక్టును మూసేశారు. కమిషనర్ సారుకు ప్రశంసాపత్రం, పెద్ద ఊరికి బదిలీ వచ్చాయి. ఆ సంగతి విన్న రోజు ఆమె రోడ్డు ఊడుస్తూ నన్ను ఆపింది.

"నన్ను జూపెట్టి అందరి నోరు మూసిండ్రా సార్?"

నోటీసులు అంటించడమే తప్ప జవాబులు చెప్పడం నా ఉద్యోగంలో లేదు. తలొంచుకొని వచ్చేశాను. మీకు చెప్పదలచుకున్నది కూడా అదే. ప్రణాళికలు వేయండి, వద్దనను. నమూనా ఇల్లు కూడా కట్టండి. కానీ కాగితం మీద పని పూర్తయిందని రాసేటప్పుడు, ఎవరిని చూపెట్టి ఎవరి నోరు మూస్తున్నారో ఒకసారి చూసుకోండి.

రిటైరయ్యాక మొన్నొకసారి పెన్షన్ కాగితాల కోసం ఆ ఆఫీసుకు వెళ్లాను. సంతకం పెట్టే సారు లేడు, వాన పట్టుకుంది. గ్రౌండు దాటి ఆమె ఇంటికి పరిగెత్తాను. లోపల పాత లైను ఆడవాళ్లు కొందరు, ఆ రోజు ఫ్యాక్టరీలకు సెలవట, ఇస్నాపూర్ నుంచీ ముత్తంగి నుంచీ వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఒక ఒడిశా అమ్మాయి కూడా ఉంది. కొత్త రూముకు మారుతోందట, అక్కడి ఓనరమ్మ ఒప్పుకోదని ఇక్కడ పాలు పొంగించుకొని గిన్నె తీసుకెళ్తుందట. ఇప్పుడు అందరూ అట్లాగే చేస్తారట.

గోడ పక్కన బల్ల మీద థర్మకోల్ కాలనీ ఉంది. దుమ్ము లేకుండా తుడిచి, పైన పల్చటి చున్నీ కప్పి ఉంచింది. చున్నీ తీసి చూపించింది. ఎలుకలు కొరికిన వీధిని అగరుబత్తి అట్టపెట్టెలతో మళ్లీ కట్టారు. ప్రతి ఇంటి కప్పు మీదా ఒక బొట్టుబిళ్ల అంటించి ఉంది. ఎర్రవి, మెరూనువి, రాళ్లవి. బొట్టు పెట్టుకోనివాళ్ల ఇంటి మీద మాత్రం పెన్నుతో చిన్న శిలువ. ఇంకోదాని మీద నెలవంక. ఒక ఇంటి గడపకైతే అగ్గిపుల్లతో పసుపు కూడా రాశారు.

"గిది వీళ్లది, గది ఆ పిల్లది" అని ఆమె వేలితో చూపిస్తూ పోయింది. ఆడవాళ్లు సిగ్గుపడి నవ్వారు. నేను కూడా నవ్వులాటకే, కొంచెం ఆశగా కూడా, కిరాయి ఇంట్లో ఉన్న మనిషిని కదా, "మరి నాకొకటి ఇయ్యరాదమ్మా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. వంగి వీధి వీధీ వెతికింది. పార్కు వెనక కూడా చూసింది.

"ఖాళీ లేదు సార్" అంది. "అన్నీ నిండినయ్."